ఆడపెళ్లివారి వైపు

పెళ్లిరోజుకని రేఫర్డ్ సవానా నగరంలో రెండు రాత్రులకు హోటలు గది తీసుకున్నాడు. తీరా శుక్రవారం తెల్లవారుజామున టెనెసీ మీద సుడిగాలి విరుచుకుపడి, కరెంటు స్తంభాలు వరసగా కూలిపోయాయి. మధ్యాహ్నానికల్లా అతను ట్రక్కు ఎక్కేశాడు. కరెంటు లైన్లు వేసేవాడికి గాలివాన వచ్చిందంటే పండగా లేదు, పెళ్లిరోజూ లేదు. బయల్దేరే ముందు అద్దం దించి భార్యతో, "గది ఎలాగూ వెనక్కి తీసుకోరు. అమ్మను తీసుకెళ్లు" అన్నాడు.

"ఎవర్నీ?" అంది కార్లిస్.

"అమ్మనే. సవానా చూసి ఎన్నేళ్లయిందో తనకి. మీ ఇద్దరూ కాస్త..." అని ఆగిపోయాడు. ఆ తర్వాతి మాట అతనికి దొరకలేదు. అద్దం ఎత్తేసి వెళ్లిపోయాడు.

నేను వాళ్లకు పక్కింటిదాన్ని. వైడేలియాలో మా రెండిళ్లకూ మధ్య ఉన్నది ఒక తీగ కంచె మాత్రమే. ఈ సంగతి అత్త నోట కొంత, కోడలి నోట కొంత విన్నాను. రెండూ కలిపి చెబుతున్నాను.

అత్త పేరు వెర్డెల్. బడి వంటశాలలో ఏళ్ల తరబడి పిల్లలకు వండిపెట్టి రిటైరైన మనిషి. టోపీ లేకుండా ఆవిడ చర్చికి రావడం మా ఊళ్లో ఎవరూ చూడలేదు. మనసులో అనుకున్నది నోటితో అనకుండా ఉండటం కూడా ఎవరూ చూడలేదు. కోడలి దగ్గర మాత్రం ఆవిడ నోరు కట్టేసుకునేది. పళ్ల డాక్టరు దగ్గర పనిచేసే కార్లిస్‌ది మొదట్నుంచీ తక్కువ మాటే. "ఉప్పు ఇటు ఇస్తారా", "ఇదిగోనమ్మా", అంతే వాళ్ల మధ్య. అరుచుకునే అత్తాకోడళ్లను చూస్తే నాకు నవ్వొస్తుంది గానీ, అంత మర్యాదగా ఉండేవాళ్లను చూస్తే భయమేస్తుంది.

కారణం ఊరంతటికీ తెలుసు. నాలుగేళ్ల కిందట రేఫర్డ్, కార్లిస్ కోర్టుకు వెళ్లి పెళ్లి చేసుకుని, సాయంత్రం ఫోను చేసి చెప్పారు. వెర్డెల్‌కు ఒక్కడే కొడుకు. నిశ్చితార్థం రోజు నుంచే ఆవిడ లేత ఊదారంగు గౌను కుట్టించుకుని, చర్చి హాలు వాళ్లతో కూడా మాట్లాడి పెట్టుకుంది. ఆ గౌను ఒక్కసారి కూడా బీరువాలోంచి బయటికి రాలేదు.

శనివారం పొద్దున ఫోర్సైత్ పార్కు దగ్గర హోటల్లోంచి ఇద్దరూ బయటపడ్డారు. బుల్ వీధి పట్టుకుని చౌక్ తర్వాత చౌక్ దాటుకుంటూ నది దాకా నడవాలన్నది కార్లిస్ ఆలోచన. వెర్డెల్ నీలం టోపీ పెట్టుకుని, చర్చికి వేసుకునే మడమల బూట్లు తొడుక్కుని దిగింది.

"అత్తయ్యా, వాటితో ఈ ఇటుకల మీద నడవలేరు. నా దగ్గర ఇంకో జత మెత్తటివి ఉన్నాయి."

"నేను ఉల్లి చేనుకు పోవట్లేదమ్మాయ్. సవానా చూడ్డానికి పోతున్నాను."

ఓక్ చెట్ల వేళ్లు కాలిబాట ఇటుకల్ని కిందనుంచి ఎత్తేసి ఉన్నాయి. పైనేమో కొమ్మల నుంచి బూడిదరంగు నాచు జడలు జడలుగా వేలాడుతోంది. ఏప్రిల్ ఎండ వాటిలోంచి వడకట్టినట్టు కిందికి దిగుతోంది. వెర్డెల్ ఇళ్లన్నీ నిలబడి నిలబడి చూసింది. ఇనప అల్లికల కటకటాలు, వంపు తిరిగిన మెట్లు, మనిషి కంటే ఎత్తు కిటికీలు.

"ఇన్నిన్ని కిటికీలు ఎవరు తుడుస్తారే?" అంది.

కార్లిస్‌కు నవ్వొచ్చింది గానీ, అది తనతో అన్న మాటో, ఉత్తినే అన్న మాటో తేలక ఊరుకుంది. నవ్వి ఉండాల్సింది అని తర్వాత నాతో అంది.

మధ్యాహ్నం ఒక చౌక్ పక్కన, అరుగు మీద బల్లలు వేసిన చోట భోజనానికి కూర్చున్నారు. రొయ్యలూ మొక్కజొన్న రవ్వా వచ్చాయి. వెర్డెల్ ఒక చెంచా నోట్లో పెట్టుకుని, "ఇంత చీజు వేస్తే రవ్వ రుచేం తెలుస్తుంది?" అంది. అప్పటికే ఆవిడ మడమలు ఒరిసిపోయి ఉన్నాయి. చెబితే కోడలు "నేను చెప్పలేదా" అంటుందేమోనని చెప్పలేదు. ఆ మంట ఎటు పోవాలో తెలియక నోట్లోంచి వచ్చింది.

"పోన్లే, పెళ్లిరోజు భోజనమైనా నాకు దక్కింది. పెళ్లి భోజనం ఎలాగూ దక్కలేదు."

కార్లిస్ చెంచా కింద పెట్టింది. "నాలుగేళ్ల నుంచీ ఇదే నములుతున్నారు కదా అత్తయ్యా. ఇవాళ మింగేయండి, లేకపోతే ఉమ్మేయండి."

ఆ పిల్ల నోట అంత మాట రావడం అదే మొదలు. వెర్డెల్ రుమాలు మడిచి బల్ల మీద పెట్టింది. లేచింది. "కాస్త గాలి పీల్చుకొస్తాను" అని చక్కా నడిచి వెళ్లిపోయింది. ఆవిడ ఫోను కార్లిస్ సంచిలోనే ఉండిపోయింది.

కార్లిస్ కాసేపు బిగదీసుకుని కూర్చుంది. తర్వాత కంగారుపడింది. అక్కడి చౌకులన్నీ ఒక్కలాగే ఉంటాయి. నాలుగు వైపులా ఇళ్లు, మధ్యలో చెట్లు, ఒక విగ్రహమో ఫౌంటెనో. ఎటు తిరిగినా ఇందాక చూసినట్టే ఉంటుంది. ఎండ చూస్తే మండుతోంది. ఆవిడకు బీపీ ఉంది.

మొదట గుర్రబ్బండి అతన్ని అడిగింది. "నీలం టోపీ పెట్టుకుని, ఒక పెద్దావిడ..."

"ఆవిడా!" అన్నాడతను. "గుర్రానికి నీళ్లు ఎప్పుడు పెట్టావని నిలదీసి, నేను పెట్టేదాకా కదల్లేదు తల్లీ. అటు వెళ్లింది."

తర్వాతి చౌక్‌లో ఒక కుర్రది నేల మీద కూర్చుని చెట్టు బొమ్మ గీస్తోంది. "చెట్టు ఒరిగిపోయింది, పడిపోతుందేమో చూసుకో అంది. చూస్తే నిజంగానే ఒరిగింది" అని రబ్బరు చూపించింది. "ఆ చర్చి పక్క సందులోకి వెళ్లింది."

ఆ సందు చివర ఒక పెద్దమనిషి కుక్కను తిప్పుతున్నాడు. కార్లిస్ నోరు తెరవకముందే, "మీవాళ్లేనా?" అన్నాడు. "మా కుక్క లావుగా ఉందట. సూటిగానే వెళ్లండి, చౌక్‌లో ఏదో పెళ్లి జరుగుతోంది."

పరిగెత్తుతూనే కార్లిస్‌కు నవ్వాగలేదు.

ఆ చౌక్ మధ్యలో తెల్లటి చెక్క మండపం ఉంది. దాని ముందు రెండు వైపులా మడత కుర్చీలు వేశారు. కుడివైపు మగపెళ్లివారు నిండుగా కూర్చున్నారు. ఎడంవైపు కుర్చీలన్నీ ఖాళీ. ముందు వరసలో మాత్రం ఒక్క నీలం టోపీ.

కార్లిస్ వంగి వంగి వెళ్లి పక్కన కూర్చుంది. "అత్తయ్యా! ఏంటిది? వీళ్లెవరు?"

"ష్. కూర్చో. చేతులు ఒళ్లో పెట్టుకో." వెర్డెల్ గొంతు తగ్గించింది. "కాళ్లు నొప్పెట్టి వెనక కుర్చీలో కూలబడ్డాను. ఈ వైపు ఎవరూ లేరేంటని అడిగితే, పెళ్లికూతురి వాళ్లది టెనెసీ అట. నిన్నటి గాలికి దారులన్నీ మూసేశారట. తల్లీ తండ్రీ ఇంట్లోనే చిక్కుకుపోయారు. ఫోనులో చూపిద్దామంటే అక్కడ కరెంటు కూడా లేదు. పిల్ల వచ్చి ఈ ఖాళీ కుర్చీలు చూస్తే ఎట్లా ఉంటుందే? అందుకని ముందుకొచ్చి కూర్చున్నాను."

పెళ్లికూతురు ఒక్కతే నడిచొచ్చింది. మెరిబా అట ఆ పిల్ల పేరు. ఎడంవైపు చూడకూడదని ముందే అనుకున్నట్టు తల బిగించి నడుస్తోంది. దగ్గరికొచ్చేసరికి చూడనే చూసింది. ముక్కూ మొహం తెలియని ఇద్దరు. టోపీ పెట్టుకున్నావిడ తల ఊపుతూ, పద పద అన్నట్టు చేత్తో సైగ చేస్తోంది. ఆ పిల్ల అడుగు కాస్త తేలికపడింది.

పాస్టరు కుర్రవాడు. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చదువుకుపోతున్నాడు. ఆ ఊపులోనే, "ఈ అమ్మాయిని ఈ అబ్బాయికి అప్పగిస్తున్నది ఎవరు?" అని చదివేశాడు. చదివాక గానీ ఏమన్నాడో తెలియలేదు. మొహం ఎర్రబడింది. కుడివైపున ఎవరో దగ్గారు.

వెర్డెల్ లేచి నిలబడింది. నిలబడి, కార్లిస్ మోచెయ్యి పట్టి తనను కూడా లేపింది.

"మేం అప్పగిస్తున్నాం," అంది, వంటశాలలో చివరి బల్ల దాకా వినిపించే గొంతుతో. "వాళ్ల అమ్మానాన్నల బదులు, మేం."

మెరిబా ఒక్కసారిగా నవ్వింది, ఏడ్చింది, మళ్లీ నవ్వింది. పెళ్లికొడుకు తల్లి రుమాలు తీసి కళ్లొత్తుకుంది. కార్లిస్ మాత్రం నిలబడ్డది నిలబడ్డట్టే ఉండిపోయింది. పక్కన అత్త చెయ్యి ఇంకా తన మోచేతి మీదే ఉంది.

పెళ్లయ్యాక వాళ్లను కదలనివ్వలేదు. కాగితం ప్లేట్లలో కేకు పెట్టిచ్చారు. మెరిబా వచ్చి వెర్డెల్ మెడ చుట్టూ చేతులేసి చాలాసేపు వదల్లేదు. అందరూ ఫోటోలకు మండపం వైపు వెళ్లాక, అత్తాకోడళ్లు ఒక బెంచీ మీద మిగిలారు. వెర్డెల్ బూట్లు విప్పేసి, కాళ్లు గడ్డిలో పెట్టుకుంది. మడమలు రెండూ ఒరుసుకుపోయి రక్తం కారుతున్నాయి.

కార్లిస్ సంచిలోంచి ప్లాస్టర్లు తీసి, కిందికి దిగి కూర్చుని, ఆ మడమలకు అంటించింది. తలెత్తకుండానే అడిగింది. "అత్తయ్యా, ఆ కుర్చీలు ఖాళీగా ఉంటే మీకు ఎందుకంత బాధనిపించింది?"

"ఎందుకేంటే? ఏ పిల్లకైనా అది చూడాల్సిన ఖర్మా?"

"నా పెళ్లిలోనూ నా వైపు ఖాళీగానే ఉండేవి."

వెర్డెల్ కాలు వెనక్కి లాక్కోబోయి ఆగింది.

"నేను ప్రభుత్వం వాళ్లు పెట్టిన పెంపుడిళ్లలో పెరిగానని రేఫర్డ్ చెప్పే ఉంటాడు. ఒకచోట ఏడాది, ఇంకోచోట ఆర్నెల్లు. పెళ్లికి ఎవర్ని పిలవాలో చాలా ఆలోచించాను. మీ వైపు చూస్తే చర్చి సగం నిండుతుంది. నా వైపు ఒక్కరంటే ఒక్కరు లేరు. మీరు చర్చి హాలు అంటుంటే నాకు ఆ ఖాళీ బల్లలే కళ్లముందు కనపడేవి. మీ అబ్బాయి మీకు చెబుదామనే అన్నాడు. నేనే కోర్టుకు పోదామని పట్టుబట్టాను. అతని తప్పేం లేదు."

మండపం దగ్గర ఎవరో ఫోటో కోసం ఒకటి, రెండు, మూడు అని అరుస్తున్నారు.

"పిచ్చిదానా," అంది వెర్డెల్. "ఆ వైపు నేను కూర్చునేదాన్ని కదే!"

కార్లిస్ తలెత్తి చూసింది.

"కొడుకు పెళ్లిలో తల్లి ఏ వైపు కూర్చోవాలో ఎవడు రాశాడు? నేను అటొచ్చి కూర్చుంటే మా అక్క కూడా వచ్చేది. అది వస్తే దాని ముఠా మొత్తం వచ్చేది. నువ్వు వద్దన్నా వినేవాళ్లు కాదు. నీ వైపు చోటు చాలక కొట్టుకుని చచ్చేవాళ్లం."

"నాకు తెలీదు కదా అత్తయ్యా."

"నేను మాత్రం అడిగానా? గౌను కుట్టించుకున్నాను, హాలు మాట్లాడాను, కేకుకు చెప్పాను. ఒక్కసారైనా నీకేం కావాలే అని అడిగానా?" కళ్లు తుడుచుకుని, కిందనున్న కోడలి తల మీద చెయ్యి వేసింది. నాలుగేళ్లలో ఆ చెయ్యి అక్కడికి రావడం అదే మొదలు. "లే, గడ్డి మరకలైతే పోవు. ఆ మెత్తటి బూట్లు తెచ్చావా, హోటల్లోనే పెట్టావా?"

"సంచిలోనే ఉన్నాయి."

"మరి వెంట తెచ్చానని ఎందుకు చెప్పవు?"

"మీరు తిడతారని."

"తిట్టేదాన్నే," అని ఒప్పుకుంది వెర్డెల్.

ఆ సాయంత్రం నది దాకా వెళ్లలేకపోయారు. పెళ్లివాళ్లు లాక్కెళ్లి పీతలు, రొయ్యలు ఉడికించి బల్ల మీద కుమ్మరించారు. ఆడపెళ్లివారన్న హోదాలో వెర్డెల్ మగపెళ్లివారి వంట మీద చెప్పాల్సినవన్నీ చెప్పింది. వాళ్లు పడీపడీ నవ్వారు. చీకటి పడేవేళకి టెనెసీలో ఎక్కడో ఫోను కలిసింది. మెరిబా తల్లి ఏడుస్తూ, "ఆ టోపీ ఆవిడను ఒకసారి చూపించు" అని అడిగింది.

ఆదివారం నదీతీరంలోని చర్చిలో ఆరాధన ముగించుకుని, రాళ్లు పరిచిన ఏటవాలు దారిన ఇద్దరూ చెయ్యి చెయ్యి పట్టుకుని దిగారు. అవతలి ఒడ్డుకు వెళ్లే చిన్న పడవ ఎక్కారు. పెద్ద సరుకు ఓడ ఒకటి, ఇళ్లకు ఇళ్లే కదిలొస్తున్నట్టు, ఎదురుగా సముద్రం వైపు పోతోంది. వెర్డెల్ టోపీ ఎగిరిపోకుండా ఒక చేత్తో పట్టుకుని, రెండో చెయ్యి ఊపింది. ఎంతో ఎత్తున, కటకటాల దగ్గర చీమంత మనిషి ఎవరో తిరిగి చెయ్యి ఊపాడు.

అప్పుడే రేఫర్డ్ ఫోను చేశాడు. "ఎలా ఉన్నారు ఇద్దరూ?" అన్నాడు భయంభయంగా.

"పని చూసుకుని నిదానంగా రా," అంది వెర్డెల్. "మాకింకా చూడాల్సినవి చాలా ఉన్నాయి." అని పెట్టేసింది. తర్వాత కోడలి వైపు తిరిగింది. "వచ్చే నెల నీ పుట్టినరోజు కదా. నా చేతి వంటల్లో నీకేది ఇష్టం? ఈసారి నిజం చెప్పు."

కార్లిస్ ఆలోచించింది. "మాకరోనీ. కానీ మిరియాలు కొంచెం తగ్గించాలి."

"తగ్గించాలా! మిరియాలా!" పడవలో వాళ్లంతా తిరిగి చూశారు. "నా మాకరోనీకి వంక పెట్టిన మనిషి ఇప్పటిదాకా పుట్టలేదే!"

"పుట్టింది అత్తయ్యా. వచ్చే నెలే పుట్టినరోజు."

వెర్డెల్ నవ్విన నవ్వుకు రెయిలింగు మీది పక్షులు లేచిపోయాయట. ఆ మాట ఇద్దరూ నాకు ఒక్కలాగే చెప్పారు.