తీగలు మళ్ళీ అతికించాక

మడతపెట్టిన చొక్కానే విప్పి మళ్ళీ మడతపెడుతోంది ఆమె.

"ఏమిటా పరధ్యానం? ఆ నువ్వుగింజంత రాయి కోసం కాపురం గాలికొదిలేస్తావా?" అంది అత్తగారు.

రాయి కాదు, స్ఫటికం. ల్యాబు కొలిమిలో నెలల తరబడి తనే పెంచింది. అయస్కాంతం మధ్య పెట్టి కరెంటు పంపితే, అయస్కాంత బలం పెరిగేకొద్దీ దాని నిరోధం తగ్గుతూ వచ్చింది. లోపల ఎలక్ట్రాన్లు అరుదైన దారుల్లో నడుస్తున్నాయనడానికి అదో గుర్తు. తన పరిశోధనకు గైడైన ప్రొఫెసర్ పొంగిపోయి పేపరు రాసేశాడు. "నీ హస్తవాసి మంచిదమ్మా" అన్నాడు. హస్తవాసట! బుర్ర ఊసు ఎవరూ ఎత్తరు.

ఆ బుర్రకే ఇప్పుడు కుదురు లేదు. కరెంటు పంపే తీగలు స్ఫటికం రెండు చివరి ముఖాల మీదా నడిమధ్యన మాత్రమే చుక్కల్లా అతుక్కున్నాయి. అయస్కాంతం బలపడితే కరెంటు సన్నటి ధారలా మధ్యనుంచే జారిపోతుంది, పక్క అంచున అతికించిన కొలత తీగల దరికి రాదు. అప్పుడు నిరోధం తగ్గినట్టు కనిపించడం ఉత్త భ్రమ. ఆ మాటంటే ప్రొఫెసర్ నవ్వేశాడు: "అనుమానం పెనుభూతం." భర్తదీ అదే పాట: "పెద్దాయన చెప్పాక నీకెందుకు? సర్దుకుపో." ఎవరెక్కడ ఏది విసిరేసినా ఈ ఇంట్లో సర్దేది తనే. పైగా సర్దుకుపోవాల్సిందీ తనేనా?

బట్టల కుప్ప అలాగే వదిలేసి ల్యాబుకు వెళ్ళిపోయింది.

పాత తీగలు ఊడదీసింది. ఊపిరి బిగబట్టి, కరెంటు అంతటా సమంగా పారేలా చివరి ముఖాలంతా వెండి పేస్టు పూసి కొత్తవి అతికిస్తుంటే భర్త ఫోను చేశాడు.

"అక్కావాళ్ళు వచ్చారు. ఎక్కడున్నావ్?"

"పనిలో ఉన్నాను. వంటగది ఎటుందో మీకు తెలుసుగా."

మళ్ళీ కొలిచింది. ఈసారి నిరోధం తగ్గలేదు, పైకే పోయింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కూలిపోయింది ప్రొఫెసర్ పేపరొక్కటేనా, తన ఏడాది కష్టం కూడా. తన అనుమానమే నిజమని తేలినా గుండెల్లో ఇన్నాళ్ళ గుబులు మాత్రం సద్దుమణగలేదు. చెప్పాల్సింది ఇంకా మిగిలే ఉంది.

కొత్త గ్రాఫు చూసి ప్రొఫెసర్ మొహం మాడ్చుకున్నాడు. "ఇది పక్కన పెట్టు. పేపరు జర్నలుకి వెళ్ళిపోనీ."

"ఇది లేకుండా వెళ్తే నా పేరు తీసేయండి సార్. ఎవరైనా అడిగితే ఎందుకో చెబుతాను."

ఆయన గ్రాఫు పక్కకు నెట్టాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఇంట్లో ఏమైనా ఇబ్బందా? మీ ఆయనతో నేను మాట్లాడనా?" అన్నాడు.

"ఆయన్నేం అడుగుతారు సార్? కొలిచింది నేను."