కిడ్నీ ఇస్తానన్న వంటమాస్టరు

చక్కెర జబ్బుతో మా చెల్లెలు లాల్ బీకి రెండు కిడ్నీలూ పోయాయి. కర్నూలు ఆసుపత్రిలో రోజు మార్చి రోజు డయాలసిస్. కిడ్నీ ఇచ్చేందుకు నేను తప్ప ఎవరూ లేరు. ఒకటి ఇచ్చి బతికించుకుంటానని మా ఊరు నందికొట్కూరంతా చాటాను. టీ అంగట్లో నా త్యాగమే, మసీదు బయటా నా త్యాగమే. "ఖాసిం వలీ, అన్నంటే నువ్వప్పా!" అని ఎవరైనా అంటే, వినబడనట్టు నటించి మళ్లీ అనిపించుకునేవాణ్ణి. సిగ్గూ శరం ఉంటే కదా!

నేను పెళ్లిళ్ల వంటమాస్టర్ని. పెళ్లింట అందరూ తిన్నాకే వంటవాడు తినాలని మాలో ఆచారం. అప్పటికి నాకు ఆకలే ఉండేది కాదు. అందుకే నేను మితాహారినని పేరు. ఆ పేరు పెట్టింది కూడా నేనే.

కిడ్నీ తీసేముందు పరీక్షలు చేశారు. డాక్టరమ్మ యామిని కాగితాలు చూసి, "మీకు షుగర్ ఎన్నాళ్లుగా ఉంది?" అంది.

"నాకెందుకుంటాది మేడం? పనిలో ఉన్న దినం పగలంతా ఏమీ తినను. రుచి చూస్తానంతే."

"ఏం రుచి?"

"డబుల్ కా మీఠాలో పాకం కుదిరిందా, ఫిర్నీలో తీపి చాలిందా అని, గంటెతో."

"చెంచాతో చూడకూడదా?"

"చెంచాతో అంత పెద్ద డేగిసా రుచి యాడ తెలుస్తాది మేడం?"

ఆమె కలం కింద పెట్టింది. నా తెలివికి మెచ్చుకుంటోందనుకున్నాను, వెధవని!

"షుగర్ ఉన్నవాళ్లలో దాదాపు ముగ్గురిలో ఒకరికి కిడ్నీలు దెబ్బతింటాయి. మొదట్లో నొప్పి ఉండదు, అందుకే తెలీదు. మీకు బీపీ కూడా ఉంది. నొప్పుల మాత్రలేమైనా వేసుకుంటారా?"

"పొయ్యికాడ నిలబడి మోకాళ్లు పీకుతాయి. దినామూ వేసుకుంటాండా."

"అవీ తోడయ్యాయి. మూత్రంలో ప్రొటీన్ పోతోంది. ఇక మీ కిడ్నీలను మీరే కాపాడుకోవాలి. ఇంకొకరికి పనికిరావు."

పుచ్చు వంకాయ అంటగట్టారని సంతలో ఎందరిని తిట్టానో! తీరా నేను తెచ్చిన సరుకూ అదే.

లాల్ బీ డయాలసిస్ మంచం మీద ఉంది, చేతికి గొట్టాలు. "ఎప్పుడు తీస్తారంటన్నా?" అంది ఆశగా.

చెప్పేశాను. ఆమె మొహం పాలిపోయింది. మిషన్ వైపు తిరిగింది. నాకు చచ్చిపోవాలనిపించింది.

"నేను గూడా ఇట్లే, నాకేమైతాదిలే అనుకుంటా వచ్చినా," అంది. "కిడ్నీ ఇయ్యకపోతే ఇయ్యకపోయినావులే. ఈ మంచం మీదికి మాత్రం రావద్దన్నా. నాకు నువ్వు తప్ప ఇంగ యవరుండారు?"

ఆమె చెయ్యి పట్టుకుని బావురుమన్నాను. పక్క మంచాలవాళ్లంతా చూస్తున్నారు, చూడనీ. ఖాళీగా ఉన్న రెండో చేత్తో ఆమే నా కళ్లు తుడిచింది.

"పో, పొయ్యి నీ చక్కెరకు మందు రాపిచ్చుకో," అంది. "నేను యాడికి పోతా? ఈడే ఉంటాలే."