టీచరమ్మ హాజరు పట్టీ

"అన్నిటి మీదా ఇప్పుడే సంతకం పెట్టేస్తే, రేపేదన్నా జరిగితే నన్నే పట్టుకుంటారేమో మిస్?" అన్నాను.

అప్పటికింకా ఏమీ జరగలేదు. ఆగస్టు నెల. ప్రభుత్వం డబ్బుతో ప్రైవేటువాళ్లు నడిపే ఈ చార్టర్ బడిని మీరు నిజంగా బడి అనుకునేరు. బట్టలుతికే మిషన్ల దుకాణానికీ టైర్ల కొట్టుకీ మధ్య అద్దెకు తీసుకున్న ఒక గది. గదిలో ఒక బల్ల, బల్ల వెనక మిస్ లోర్. ఇరవై ఆరేళ్లుంటాయేమో ఆ పిల్లకి. ఆమె ముందు కాగితాల దొంతర. ఒక్కో కాగితంలో ఇరవై గళ్లు, ఒక్కో గడి ఒక బడిరోజు, ఏ పాఠం ఎన్ని గంటలు చదివిందో అందులో రాయాలి. ఆ రోజుల్లో నా బిడ్డ చదువుకుందని కింద తల్లి సంతకం, నేను చూశానని పక్కన టీచరు సంతకం. ఏడాదికి నూట డెబ్బై అయిదు రోజులు. బిడ్డ హాజరైన ప్రతి రోజుకీ ప్రభుత్వం బడికి డబ్బిస్తుంది. గళ్లన్నీ ఇంకా ఖాళీగా ఉన్నాయి.

"నెలనెలా మీరు షెడ్డు పని మానుకుని రావాలి కదమ్మా. అందుకని అందరిచేతా ఒకేసారి పెట్టించమన్నారు," అంది మిస్ లోర్. నా మొహంలోకి చూడలేదు.

"మరి గళ్లు?"

"మేం నింపుకుంటాం."

నా కూతురు యారెలి నా మోచెయ్యి లాగింది. "లైను చూడమ్మా వెనకాల. పెట్టేయ్. నీకన్నిటికీ భయమే."

పెట్టాను. తొమ్మిది కాగితాల మీద తొమ్మిదిసార్లు ఎపిఫానియా సాంతియాగో అని, బళ్లో నేర్పినట్టు గుండ్రంగా రాశాను. నేను చదివింది నాలుగో క్లాసు. సంతకమొక్కటే నాకు బాగా వచ్చిన చదువు.

నాకన్నిటికీ భయమన్న మాట నిజమే. ఆ భయంతోనే బిడ్డని పెద్ద బడి మాన్పించాను. వేసవికి ముందు అక్కడ మరుగుదొడ్లో ఎవడో కుర్రాడి దగ్గర కత్తి దొరికిందన్నారు. వారం రోజులు నాకు కునుకు లేదు. ఆ ఆదివారమే సంతలో చార్టర్ బడివాళ్లు గుడారం వేసుకుని కనిపించారు. ల్యాప్‌టాప్ ఉచితం. ఇంట్లోనే చదువు. టీచరు రోజూ తెర మీద పలకరిస్తుంది, వారానికి రెండుసార్లు ఎదురుగా కూర్చున్నట్టే పాఠం చెబుతుంది, చట్టంలోనే ఉంది అన్నారు. ఇంట్లో ఉంటే బిడ్డ బతికుంటుంది. నాకు వినిపించింది అదొక్కటే.

పొద్దున్న అయిదున్నరకి నేను కమలాపళ్లు ఏరి పెట్టెల్లో సర్దే షెడ్డుకి బయలుదేరేదాన్ని. యారెలి తండ్రి ఆపిల్ తోటల పనికి ఉత్తరాదికి వెళ్లి ఉన్నాడు. ఆదివారం ఆదివారం ఫోను. మా ట్రెయిలర్ ఇంట్లో పదిహేనేళ్ల పిల్ల, ఫ్రిజ్జు చప్పుడు, ఆ తెర. టీచరు చూస్తుందని యారెలి మొదట్లో తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని ఎనిమిదింటికల్లా కూర్చునేది. 'టీచరు కొద్దిసేపట్లో వస్తారు' అని తెర మీద అక్షరాలు. మధ్యాహ్నం దాకా అవే అక్షరాలు. అక్టోబరు వచ్చేసరికి దువ్వెన ముట్టుకోవడం మానేసింది. నేను ఇంటికొచ్చి ఏం నేర్చుకున్నావే అంటే భుజాలెగరేసేది. రాను రాను నోరు విప్పడమే తగ్గించింది. జ్వరమేమోనని నుదురు పట్టుకు చూసేదాన్ని.

నవంబరులో పిల్లకి కడుపులో పేగు వాచింది. ఫ్రెస్నో ఆసుపత్రిలో కోసి తీశారు. మూడు రోజులు నేను ఆ కుర్చీ దిగలేదు. ఇంటికొచ్చాక యారెలి ల్యాప్‌టాప్‌లో తన హాజరు కాగితం తెరిచి చూసి, చాలా రోజుల తర్వాత నవ్వింది.

"అమ్మా, ఆపరేషన్ బల్ల మీద నేను నాలుగ్గంటలు లెక్కలు చేశాను తెలుసా?"

ఆ మూడు రోజుల గళ్లూ నింపి ఉన్నాయి. కింద నా సంతకం, గుండ్రంగా.

ఆ రోజు నుంచి వాకిట్లో కారాగితే చాలు, పోలీసులేమోనని పరదా పక్కనుంచి తొంగి చూసేదాన్ని. ప్రభుత్వానికి అబద్ధం రాసిచ్చిన దాన్ని. ఎవరికి చెప్పుకోను? షెడ్డులో పళ్లు కదిలొచ్చే బెల్టుకి అటూ ఇటూ అరవై మంది ఆడవాళ్లం, భుజాలు రాసుకుంటూ నిలబడతాం. ఒక్కరికీ చెప్పలేదు. పక్కనున్నామె కూడా తన కాగితం కడుపులో పెట్టుకుని నాలాగే వణుకుతోందని నాకేం తెలుసు?

జనవరిలో చార్టర్ బడి డైరెక్టరు హెగర్టీ ముప్ఫై ఒక్కమంది తల్లుల్ని పిలిపించాడు. ఒక్కొక్కరినే, తలుపేసి. రాష్ట్రం నుంచి తనిఖీవాళ్లు వస్తున్నారట, హాజరు తప్పుల తడకగా ఉందట. ఒక పత్రం నా ముందుకు జరిపాడు. 'హాజరు తప్పుగా రాసిచ్చింది మేమే' అని ఉంది అందులో.

"నేను రాయలేదు సార్. ఖాళీగా ఉన్నప్పుడే..."

"ఈ సంతకం నీదా, కాదా?"

"నాదే."

"వచ్చే శుక్రవారం లోపల ఇది సంతకం చేసి ఇస్తే పిల్ల పేరు ఉంటుంది. లేదంటే పేరు తీసేస్తాం. ఈ ఏడాది చదువు లెక్కలోకి రాదు."

పెడితే దొంగని. పెట్టకపోతే నా బిడ్డకి ఒక ఏడాది పోతుంది. అన్ని వందల గంటలు ఒంటరిగా కూర్చున్న ఏడాది.

శనివారం బట్టలు మూటగట్టుకుని, యారెలిని వెంటబెట్టుకుని, బడి పక్కనున్న మిషన్ల దుకాణానికి వెళ్లాను. మిషన్లు తిరుగుతున్నాయి గానీ ఆడవాళ్లెవరూ బట్టలు చూడటం లేదు. నటివిదాద్ బుట్ట బోర్లించి దాని మీద కూర్చుంది. యారెలికి జ్ఞానస్నానం ఇప్పించిన తల్లి ఆమె, అందుకే ఒకరినొకరం కొమాద్రె అనుకుంటాం. నోటికి అడ్డూ ఆపూ ఉండదు.

"రా కొమాద్రె, నీ కాగితం కూడా తే. నా కొడుకులిద్దరూ రోజుకి నాలుగ్గంటలు సైన్సు చదివారంట! ఆ సైన్సేదో నాకూ చూపించమను. గుడ్డు ఉడకబెట్టడం రాదు వెధవలకి!"

అందరూ నవ్వారు. నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

"పెట్టేద్దాం సంతకం," అంది ఫ్లోరిదాల్మా, చంటిదాన్ని భుజాన వేసుకుని. "నాకీ దేశంలో ఉండే కాగితాలు లేవు. పోలీసు గడప తొక్కితే నేను మా ఊళ్లో, నా పిల్లలిక్కడ. చదువు పోతే పోయింది."

నా మనసులో మాట ఆమె అనేసింది. తల ఊపాను కూడా.

అప్పుడు డోన్యా క్రెసెన్సియా లేచింది. మాలో పెద్దది, అందుకే పేరు ముందు డోన్యా. ముప్ఫై ఏళ్లుగా తోటల్లో నడుం వంచి, రెండు సమ్మెలు చేసి, రెండింటిలోనూ పని పోగొట్టుకున్న మనిషి.

"మేస్త్రీ పొద్దున్నే ఖాళీ కార్డు మీద సంతకం పెట్టించుకుంటాడా లేదా?"

"పెట్టించుకుంటాడు."

"సాయంత్రం గంటలు ఎవడు రాస్తాడు?"

"ఆడే."

"పన్నెండు చేస్తే ఎనిమిది రాస్తాడు తోటలో. ఏం చెప్పకుండానే నాలుగు రాశారు బళ్లో. ఖాళీ కాగితం చూడగానే సంతకం పెట్టడం మనకి అలవాటు చేసింది వీళ్లే కదే! మన గంటలెప్పుడూ వాళ్లే రాస్తారు. ఇప్పుడు దొంగలం మనమంట."

"మరి సాక్ష్యమేది డోన్యా?" అన్నాను నేను. "టీచరు రాలేదని మనం చూశామా? మనం షెడ్డులో ఉన్నాం. రేపు వాళ్లు వచ్చామంటే? కోర్టులో నిలబెడితే? పిల్లల్ని లాక్కుపోతే?"

"ఆపవే తల్లీ, జైల్లో భోజనం కూడా నువ్వే వండేట్టున్నావు," అంది నటివిదాద్.

"నా దగ్గరుంది," అంది యారెలి.

దుప్పటి మడత పెడుతున్నదల్లా ఆపేసింది. సంచిలోంచి నోటుబుక్కు తీసి క్రెసెన్సియాకి ఇచ్చింది. ఆవిడకి చదువు రాదు, నాకిచ్చింది. ప్రతి పేజీలో తారీఖు. తారీఖు పక్కన టైము. రాలేదు. రాలేదు. రాలేదు. వచ్చింది, రెండు నిమిషాలు, నా పేరు తప్పు పలికింది. రాలేదు. రాలేదు. వాన, కరెంటు లేదు, అయినా కూర్చున్నాను. రాలేదు.

"ఎందుకు రాశావే ఇదంతా?"

"ఇంకెవరితో చెప్పను?" అంది నా కూతురు.

మిషను మీద చెయ్యి ఆనించుకుని నిలబడ్డాను. అది ఊగుతుంటే నేనూ ఊగాను.

మిగతా పిల్లల్నీ అడిగాం. ఒకరి ఫోన్లో ఆ ఖాళీ తెర ఫొటోలు. నటివిదాద్ కొడుకులు బట్టల బీరువా లోపల రోజుకో గీత గీశారు, ఎవరి తెర మీదికి టీచరు ఎక్కువ రోజులు రాదోనని పందెం వేసుకుని. మూడు సాయంత్రాలు అదే దుకాణంలో, బట్టలు మడతపెట్టే బల్ల మీద అన్నీ కలిపి పట్టీ రాశాం. మిస్ లోర్ హాజరు పట్టీ. తొంభై రెండు రోజుల్లో పదకొండు రోజులు వచ్చింది.

"ఆమె మాత్రం ఏం చేస్తుందే," అంది నటివిదాద్, తన మాటకి తనే నొచ్చుకుంటున్నట్టు. "నూట అరవై మంది పిల్లల్ని ఆ ఒక్కదాని నెత్తిన పెట్టారంట."

నేనూ చూశాను ఆమెని. బడి వెనకాల కారులో ఒక్కతే కూర్చుని, కప్పులో నూడుల్స్ తింటూ, ఒళ్లో కాగితాలు పెట్టుకుని గళ్లు నింపుతోంది. నన్ను చూసి అద్దం ఎత్తేసుకుంది.

"జాలి తర్వాత," అంది క్రెసెన్సియా. "మన సొంతూరి సభలో పేరు పిలిస్తే ఎవరికి వాళ్లే లేచి పలకాలి. పక్కవాడు పలికితే చెల్లదు. ఈ పట్టీ కూడా అంతే. ఆ టీచరు పిల్ల పలికితే సాక్ష్యం. పలక్కపోతే పిల్లల పిచ్చిరాతలు."

బడి పాలకమండలి ముందు చదవడానికి నన్ను పెట్టారు. నా చేతిరాత బాగుంటుందని ముక్కాలు పట్టీ నేనే రాశాను మరి.

ఆ సభ గురువారం మూడింటికి. పనివాళ్లెవరూ రాలేని టైమే పెడతారు. రెండున్నరకి క్రెసెన్సియా చేతి తొడుగులు విప్పి బెల్టు మీద పెట్టింది.

"బెల్టు వదిలినవాళ్లు రేపు రావద్దు!" అని అరిచింది షెడ్డు మేస్త్రీ ఆవిడ.

నటివిదాద్ విప్పింది. ఆ పక్కావిడ విప్పింది. నా వేళ్లకి చెమట పట్టి తొడుగు ఊడి రాలేదు, పళ్లతో లాగాను. ఫ్లోరిదాల్మా కూడా విప్పింది. ముప్ఫై నలుగురం బయటికి నడిచాం. మాలో పిల్లలే లేనివాళ్లు ముగ్గురు. వెనకాల బెల్టు తిరుగుతూనే ఉంది, పట్టుకునే చేతుల్లేక కమలాపళ్లు నేల మీద పడుతున్న చప్పుడు గేటు దాకా వినిపించింది.

సభ గదిలో అయిదుగురు పెద్దమనుషులు, మధ్యలో హెగర్టీ. తలుపు దగ్గర షెరీఫ్ మనిషి, అంటే పోలీసు. గోడవారగా టీచర్లు నలుగురు, చివర మిస్ లోర్. ఇటునుంచిటే నన్ను పట్టుకుపోతారనుకున్నాను. ఇంటి తాళం పూలకుండీ కింద ఉందని యారెలికి చెప్పానా లేదా అని ఆలోచిస్తూ మైకు దాకా నడిచాను.

"మాట్లాడేవాళ్లకి ఒక్కొక్కరికి రెండు నిమిషాలు," అన్నాడు హెగర్టీ.

"ఆగస్టు ఇరవై ఆరు," అని చదివాను. "మిస్ లోర్?"

పలకలేదు.

"ఆగస్టు ఇరవై ఏడు. మిస్ లోర్?"

"ఏమిటిది?" అన్నాడు హెగర్టీ. "మిస్ లోర్, మీరు జవాబు చెప్పక్కర్లేదు. అమ్మా, పిల్లలు గీసిన గీతలు సాక్ష్యం కావు."

"సెప్టెంబరు మూడు. మిస్ లోర్?"

గంట మోగింది. నా రెండు నిమిషాలు అయిపోయాయి. కాగితం మడవబోయాను.

"నటివిదాద్ మెందోసా," అంటూ వెనక కుర్చీలోంచి లేచింది నా కొమాద్రె. "నా రెండు నిమిషాలు ఆమెకి."

చదివాను. గంట మోగింది.

"క్రెసెన్సియా లోపెస్. నావి ఆమెకి."

"ఫ్లోరిదాల్మా క్రూస్." చంటిది ఏడుస్తోంది. "నావీ ఆమెకే."

పేరు చెప్పుకోవడమే ప్రమాదమైన ఆడవాళ్లు ఒక్కొక్కరే లేచి, షెరీఫ్ మనిషి ముందు తమ పూర్తి పేర్లు చెప్పారు. కూర్చోలేదు, నిలబడే ఉన్నారు. నేను చదువుతూ పోయాను. తారీఖు, పేరు. మళ్లీ తారీఖు, పేరు. మిస్ లోర్ తన చెప్పుల వంక చూస్తోంది. ఇంతమంది నా వెనక ఉన్నా, ఆ మైకు దగ్గర నేనొక్కదాన్నే అనిపించింది. ఆ తెర ముందు నా బిడ్డ ఇలాగే కూర్చుని ఉంటుంది గామోసు, ఇన్ని రోజులూ, అవతలివాళ్లు పలుకుతారేమోనని.

నవంబరు దాకా వచ్చాం.

"నవంబరు పద్నాలుగు," అన్నాను. "ఆ రోజు నా కూతురికి ఆపరేషన్. మిస్ లోర్?"

హెగర్టీ లేచి మైకు కట్టేశాడు. నేను మైకు లేకుండానే మళ్లీ పిలిచాను. "మిస్ లోర్?"

గోడ గడియారంలో ముల్లు ఒక చుట్టు తిరిగింది, ఇంకో చుట్టు తిరిగింది. నేను కాగితం దించలేదు.

గోడ దగ్గర కుర్చీ చప్పుడైంది.

"రాలేదు," అంది మిస్ లోర్. నిలబడి, నా మొహంలోకి చూస్తూ. "ఆ రోజు నేను రాలేదు. గడి మాత్రం నేనే నింపాను. నింపమన్నది ఈయన. తర్వాతి తారీఖు చదవండమ్మా, దానికీ చెబుతాను."