తీసేసిన ఒక్క లైను

మంచు కరిగే ప్రోగ్రాము నాది, నది ప్రోగ్రాము టోర్వాల్డ్‌ది. కెనడాలోని మానిటోబాలో ఏటా వసంతంలో ఆ రెండూ కలిసి నడిస్తేనే వరద లెక్క తేలుతుంది. గంటగంటకీ ఎంత నీరు కరిగిందో నాది చెబుతుంది, దాంతో నది ఎంత ఎత్తుకు వస్తుందో ఆయనది చెబుతుంది.

ఆయన లెక్క ఎప్పుడూ ఎక్కువే వస్తుందని నేను ఆటపట్టించేదాన్ని. నిన్న రెండూ కలిపి నడిపితే మాత్రం ఆరు మీటర్లే వచ్చింది. నది ఒడ్డున ఉన్న హార్లన్ క్రాసింగ్ ఊరి కరకట్ట ఎత్తు ఏడు. ఊరు ఖాళీ చేసిన జనం ఇళ్లకు వెళ్లిపోవచ్చని మేయర్ ఫ్రీసెన్‌కు నేనే చెప్పాను. వాళ్లను తిరిగి తీసుకెళ్లే బస్సులు ఈ రోజు మధ్యాహ్నం.

పదకొండున్నరకు టోర్వాల్డ్ పొద్దుతిరుగుడు గింజలు నములుతూ వచ్చాడు.

"అమ్మాయ్, నీ మంచు లెక్క ఒక్కటే నడిపి, ఆ అంకెలు తీసుకుని నాది విడిగా నడిపా. ఏడున్నర వచ్చింది."

"ఏడున్నర రాకపోతే నీకు నిద్ర పట్టదుగా, పెద్దాయనా!"

"వెక్కిరింపులు తర్వాత. విడిగా ఏడున్నర, కలిపితే ఆరు. ఎలా?"

నవ్వుతూనే రెంటినీ కలిపి నడిపే ప్రోగ్రాము తెరిచాను. నా అంకెలకు కాపీ తీసి ఆయన ప్రోగ్రాముకు ఇచ్చే లైను అక్కడ లేదు. వేగంగా నడుస్తుందని పోయిన నెల నేనే తీసేశాను. రెండు ప్రోగ్రాములూ ఒకేచోట ఉన్న అంకెలు చదువుకుంటే పోలా అనుకున్నాను. ఆయనది చదివి ఊరుకోదు. నేల పీల్చుకునే నీటిని ఆ అంకెల్లోంచే తగ్గిస్తుంది. తన కాపీయే కదా అని దాని నమ్మకం. మరుసటి గంట నాది ఆ తగ్గిన అంకెలతో మొదలవుతోంది. అలా మూడు రోజుల లెక్కలో గంటగంటకీ నీళ్లు మాయమయ్యాయి.

ఫోన్ చేశాను. "ఫ్రీసెన్ గారూ, బస్సులు ఆపండి! ఏడున్నర వస్తుంది!"

"ముందే బయల్దేరాయమ్మా. మా అమ్మ మొదటి బస్సులోనే ఉంది. నిన్న కూడా ఇంతే గట్టిగా చెప్పావు. ఏది నమ్మమంటావ్?"

ఏం చెప్పినా నన్నెందుకు నమ్మాలి?

టోర్వాల్డ్ నా చేతిలోంచి ఫోన్ లాక్కున్నాడు.

"ఫ్రీసెన్, నేను టోర్వాల్డ్‌ని. బస్సులు వెనక్కి తిప్పించు. నిన్న మేం తప్పు చెప్పాం."

మేం అన్నాడు. పోయిన నెల ఆ లైను తీసేసినప్పుడు నేనాయనకు ఒక్క మాటైనా చెప్పలేదు.