బాలింత నీళ్ల కాగు

ఇలా దగ్గరకి జరగండమ్మా, నా గొంతు కొంచెం లోతు. నేను ఒక రాగి కాగును. కంచరివాడి సుత్తి కింద పుట్టాను. పార్వతమ్మ అత్తగారు నన్ను కొని పెరటి పొయ్యి ఎక్కించింది. ఆనాటి నుంచీ ఆ ఇంటి బాలింతలందరికీ వావిలాకు నీళ్లు నాలోనే మరిగాయి.

పార్వతమ్మ కూతురు కళావతికి తొలికాన్పు పట్నం ఆసుపత్రిలో అయింది. పదకొండో రోజున పురుటిస్నానానికి పీట వేశారు. నీళ్లు పోసే అప్పయ్యమ్మ అలవాటుగా వెనకనుంచి మొదటి చెంబు నెత్తిన కుమ్మరించింది. కళావతి కెవ్వున అరిచి గోడకి కరుచుకుపోయింది.

చూడవచ్చిన ఆడవాళ్లు బిడ్డది ఎవరి ముక్కో తేల్చే పనిలో ఉన్నారు. "పండులాటి కొడుకుని కని ఆ ఏడుపేటే?" అన్నారు. పార్వతమ్మ మిరపకాయలతో దిష్టి తీసింది. అవి ఘాటుగా మండి అందరినీ దగ్గించాయి. అంటే దిష్టి లేదన్నమాట! కళావతి మాత్రం బిడ్డను ఒళ్లోకి తీసుకోనేలేదు.

మర్నాడు అప్పయ్యమ్మ చెంబు పక్కన పెట్టి ఎదుట చతికిలబడింది. "ఏటయినాదే గుంటా, నాకు సెప్పు."

"ఆస్పత్రిలో కాళ్లు కట్టీసినారత్తా. ఏటి సేస్తన్నారో ఒక్కలూ సెప్పనేదు. అరిస్తే తొడమీద కొట్టి, 'మొగుడికాడున్నప్పుడు తెలీనేదా' అని నవ్వినారు. బిడ్డ ఏడవనేదు, ఎత్తుకుపోనారు. సచ్చిపోనాడనుకున్నాను. ఆడ్ని సూస్తే మల్లీ ఆ గదిలోనే ఉన్నట్టుంటాది."

"అవన్నీ మరిసిపోవాలే! తల్లీబిడ్డా బాగున్నారు, ఇంకేటి?" అంది పార్వతమ్మ.

"నువ్వూరుకో వదినా. నలభై ఏళ్లనుంచి నానూ అడక్కుండానే పోసీస్తన్నాను. నాకే బుద్ధి నేదు."

ఆ రోజు నుంచీ అప్పయ్యమ్మ ఎదుట నిలబడి, చెంబు చూపించి, "పోసీమంటావా?" అని అడిగేది. "ఉండు" అంటే ఆగేది. ఉండు, ఉండు అంటూండగానే నా నీళ్లు చల్లారిపోయేవి. చల్లారినందుకు నేను సిగ్గుపడని రోజులవే. పార్వతమ్మ గొణుక్కుంటూ మళ్లీ పుల్లలు ఎగదోసేది. ఒకనాడు పొయ్యి ముందే కూలబడి, "నా తొలికాన్పుకి నానూ ఆర్నెల్లు మనిసిని కాను. సెప్పుకుందామంటే ఇనేవోల్లు నేకపోనారు," అంది.

ఊరి నర్సమ్మ చెప్పిన మనసు డాక్టరు దగ్గరకి కూతుర్ని పార్వతమ్మే తీసుకెళ్లింది. ఒక్కరోజులో నయమైపోలేదు. మూడో నెలలో ఒక పొద్దున కళావతి కాళ్లు బారజాపుకుని కూర్చుని, "ఆడ్ని ఇలా తేయే అమ్మా, నాను పోస్తాను," అంది. చెంబు రెండుసార్లు ఎత్తి దించింది. ఎవరూ తొందరపెట్టలేదు. ముందు వాడే తల్లి చీర తడిపాడు. అవి నా నీళ్లు కావు. కళావతి పకపకా నవ్వింది.

ఇప్పుడు గీజరొచ్చింది. నేను చూరు కింద బోర్లా పడుకుని కోడిపెట్టలకి అరుగునయ్యాను. పోనివ్వండి. మీరు ఏ బాలింతను చూడబోయినా బిడ్డ బరువు తర్వాత అడగండి. ముందు ఆమె పక్కన కూర్చుని, "నీకెలా జరిగింది తల్లీ?" అనండి. ఆమె చెప్పడం అయ్యేదాకా లేవకండి. ఈ మాట గుర్తుంచుకుని నాలుగిళ్లలో చెప్పండమ్మా.