ఎర్రగుడ్డ కట్టిన చక్రం

మా సైకిల్ షాపులో ఎర్రగుడ్డ కట్టిన చక్రం జోలికి ఎవరూ పోకూడదు. అది మా ఆయన పెట్టిన నియమం. పందెం సైకిళ్ళ టైరు మామూలు టైరులా రిమ్ములో ఇరుక్కుని కూర్చోదు, జిగురుతో అంటించాలి. ఆ జిగురు ఒక పగలూ ఒక రాత్రీ ఆరితే గాని పట్టు రాదు. చూడటానికి మాత్రం ఆరినదీ ఆరనిదీ ఒక్కలాగే ఉంటాయి. అందుకే టైరు అంటించగానే స్పోకుకి ఎర్రగుడ్డ ముడి వేస్తాడు. మా ఇంట్లో నా మాటకి విలువ లేకపోయినా ఆ గుడ్డకి మాత్రం ఉంది. మా ఆడపడుచు తప్పటడుగులు వేసే రోజుల్లోనే, ఆ గుడ్డ కనబడితే చాలు, చేతులు రెండూ వీపు వెనక దాచుకునేదట.

ఆ ఆడపడుచునే అందరూ పిడుగు అంటారు. సైకిలెక్కిందంటే వెనక్కి తిరిగి చూడదు. పందేలప్పుడు చక్రాలూ పంపులూ వేసుకుని మా జీపు దాని వెనకాలే పోతుంది. మా ఆయన నడుపుతాడు, నేను పక్కన కూర్చుని ప్రతి మలుపు దగ్గరా తల బయటపెట్టి "మెల్లగా!" అని గొంతు చించుకుంటాను. కన్నతల్లి లేని పిల్ల, నేనైనా అరవకపోతే ఎలా? దానికేమో నా అరుపు వేళాకోళం. "వదిన అరిచిందంటే మలుపొచ్చిందని అర్థం, ఇంకాస్త గట్టిగా తొక్కాలి" అని నా మొహం మీదే అంటుంది.

ఆ రోజు పందెం కోట ఊళ్ళ మీదుగా పెట్టారు. ఆ కొండల్లో ప్రతి శిఖరం మీదా ఒక ఊరు, ఊరి చుట్టూ రాతిగోడ, మూలమూలకీ బురుజు. ఒకప్పుడు దండు వచ్చి మీద పడకుండా కట్టుకున్నారట. రోడ్డు మెలికలు తిరుగుతూ కొండెక్కి, ఎగువ గుమ్మంలోంచి ఊళ్ళోకి దూరి, ఇళ్ళ మధ్య సందుల్లో నలిగి, దిగువ గుమ్మంలోంచి బయటపడి, ఒక్కసారిగా లోయలోకి దిగుతుంది. పందెం రెండు రోజులు. మొదటి రోజు ముందుగా వచ్చినవాళ్ళని అక్కడికక్కడే పెద్ద జట్టులోకి తీసుకుంటామన్నారు. వచ్చే ఏడాదికి పిడుగుకి వయసు దాటిపోతుంది. ఇది దానికి ఆఖరి అవకాశం.

బయల్దేరే చోట చైను ఊడింది. మా ఆయన ఎక్కించాడు. నల్లబడ్డ చేతులు ప్యాంటుకి రాయబోతుంటే నేను గయ్యిమన్నాను.

"ఉతికి ఉతికి నా చేతులు పడిపోతున్నాయి. గుడ్డతో తుడుచుకుంటే మీ సొమ్మేం పోతుంది?"

ఆయన నా వైపు చూడకుండానే జీపు వెనక్కి చెయ్యి చాపి, తగిలిన గుడ్డేదో లాగి తుడుచుకుని జేబులో కుక్కుకున్నాడు. ఈలోగా జెండా ఊపారు. మేము జీపులోకి ఉరికాం.

రెండో కోట ఊరు దాటాక పిడుగు ముందు టైరు పంక్చరైంది. మా ఆయన కుంటుకుంటూ దిగాడు. ఒకప్పుడు ఆయనా పందేలు తొక్కినవాడే, పడి మోకాలు పాడు చేసుకున్నాడు. కాలు కుంటుతుంది గాని చేతులు మాత్రం మెరుపులు. వెనక నుంచి చక్రం లాగి, పాతది విప్పి, కొత్తది బిగించి, చెల్లెలు చక్రం తిప్పి, గాలి నొక్కి చూసుకుని ఎక్కగానే వీపు మీద చెయ్యి వేసి ముందుకి తోశాడు. అది కసిగా తొక్కి, చివరి కొండ మొదట్లోనే తనని దాటి పోయినవాళ్ళందర్నీ అందుకుంది. ఇంకాసేపటికి దాని ముందు ఎవరూ లేరు. నాకు సంతోషంతో కళ్ళు చెమర్చాయి, ఇందులో దాపరికం ఏముంది!

ఆ ఊరి గుమ్మం ఇరుకు. బళ్ళు పట్టవని మమ్మల్ని కొండ చుట్టూ పోయే రోడ్డులోకి మళ్ళించారు. పిడుగు పైకెళ్ళిపోయింది. మేము కింద నుంచి తిరిగి పోతున్నాం. మా ఆయన హుషారుగా ఈల వేస్తూ జేబులోంచి గుడ్డ తీసి మెడ మీద చెమట తుడుచుకున్నాడు.

గుడ్డ నల్లగా ఉంది. మరకల మధ్య ఎరుపు కనబడింది.

"ఏవండీ, ఆ గుడ్డెక్కడిది?"

"పొద్దున నువ్వే కదా తుడుచుకోమన్నావ్."

"దేనికి కట్టి ఉంది?"

ఈల ఆగిపోయింది. జీపు కూడా ఆగింది. ఆయన దిగి వెనక తలుపు తీశాడు. మేము తెచ్చుకున్న ముందు చక్రాలు రెండే. ఒకటి ఆరినది, రెండోది నిన్న సాయంత్రం అంటించినది, రేపటి పందేనికి పనికొస్తుందని వేసుకున్నాం. ఆయన మిగిలిన చక్రాన్ని వెలుతురులోకి తిప్పి రిమ్ము మీద పాత గీతని బట్టి అది ఏదో గుర్తుపట్టాడు.

"ఆరింది ఇక్కడే ఉందే," అన్నాడు.

నేను ఫోను తీశాను. కొండ చాటు, సిగ్నల్ లేదు.

"ఎక్కేటప్పుడేం కాదు," అన్నాడు బండి ఉరికిస్తూ. నాకు చెబుతున్నాడో తనకే చెప్పుకుంటున్నాడో తెలియదు. "ఊళ్ళో సందులు కాబట్టి అక్కడా మెల్లగానే పోతుంది. దిగేటప్పుడే... బ్రేకు వేస్తే రిమ్ము వేడెక్కుద్ది. జిగురు కరిగి, మలుపులో టైరు ఊడొచ్చేస్తుంది."

మలుపు పక్కన ఏముందో నాకు చెప్పక్కర్లేదు. జీపులోంచి కనబడుతూనే ఉంది. మోకాలెత్తు పిట్టగోడ, ఆ అవతల గాలి.

దిగువ గుమ్మం కింద మా రోడ్డు కొండని ఆనుకుని పోతుంది. అక్కడి నుంచి గుమ్మం దాకా పాతకాలపు రాతిమెట్లు ఉన్నాయి. ఆయన బ్రేకు వేసి దిగబోయి, మోకాలు పట్టుకుని తలుపుకి ఆనుకుపోయాడు. నేను ఆయన చేతిలో గుడ్డ లాక్కుని పరుగెత్తాను. ఎందుకు లాక్కున్నానో అప్పుడు నాకే తెలియదు. బహుశా కోపంతో కావచ్చు.

బస్సు పోతుంటే కూడా నేను పరుగెత్తే మనిషిని కాను. సగంలో చెప్పులు వదిలేశాను. దేవుడా, ఈ ఒక్కసారికి అది అలిసిపోయి ఉండాలి, సందులో దారి తప్పాలి, ఎవడి బండో అడ్డం రావాలి అని మొక్కుకుంటూ ఎక్కాను. పొద్దుటి నుంచీ అది గెలవాలని మొక్కిన నోటితోనే.

పైన గుమ్మం దగ్గర ఒక ఈలాయన నిలబడి ఉన్నాడు. సైకిళ్ళు వస్తుంటే ఈల ఊది జనాన్ని పక్కకి తప్పించే పని ఆయనది. నేను రోడ్డు మీదకి రాగానే మోచెయ్యి పట్టుకుని వెనక్కి లాగాడు.

"అమ్మా, పక్కకి రండి! మొదటి మనిషి వచ్చేస్తోంది."

"ఆపండి దాన్ని! ఆ చక్రం..." ఊపిరి అందలేదు.

"ఆపడమేంటమ్మా? అది ముందుంది!"

అప్పుడే సందు చివర పిడుగు కనబడింది. రాళ్ళ మీద ఎగురుతూ, హ్యాండిల్ మీదకి వంగి వస్తోంది. ఈలాయన ఈల ఊదాడు. నేను ఉన్న ఊపిరంతా కూడగట్టి అరిచాను.

"మెల్లగా! ఆగవే!"

అది నన్ను చూసింది. నవ్వింది. తల ఇంకా కిందికి దించి గట్టిగా తొక్కింది. ఇన్నేళ్ళూ మలుపు మలుపుకీ అరిచి అరిచి, అవసరమైన రోజుకి నా అరుపుని నేనే పనికిరాకుండా చేసుకున్నాను.

నోరు మూసుకున్నాను. ఈలాయన చెయ్యి విదిలించుకుని గుమ్మం మధ్యకి పోయి, ఆ గుడ్డ రెండు కొసలూ పట్టుకుని తల మీదకి ఎత్తి, చాచి నిలబడ్డాను.

దాని మొహంలో నవ్వు పోయింది. చూపు గుడ్డ మీంచి తన ముందు చక్రం మీదకి దిగింది. ముందు బ్రేకు మీద ఉన్న వేళ్ళు చటుక్కున లేచిపోయాయి. వెనక బ్రేకు ఒక్కటే పట్టి, ఒక కాలు రాళ్ళకి రాస్తూ, భుజంతో గోడని ఒరుసుకుంటూ వచ్చి, నాకు చేతికందే దూరంలో ఆగింది. భుజం మీద చొక్కా చిరిగి నెత్తురు వస్తోంది. నేను దాన్ని పట్టుకుని ఏడ్చేశాను.

అది ఏడవలేదు. కూర్చుని టైరుని బొటనవేలితో పక్కకి నెట్టింది. అరటితొక్కలా ఊడి వచ్చింది. గుమ్మం అవతల మొదటి మలుపు కనబడుతోంది. అది ఆ మలుపునీ టైరునీ మార్చి మార్చి చూసింది.

"గుడ్డ ఎవరు విప్పారు వదినా?"

నేను నోరు తెరిచేలోగా మెట్ల వైపు నుంచి మా ఆయన వచ్చాడు. కాలు ఈడ్చుకుంటూ, ఆరిన చక్రం భుజానికి తగిలించుకుని. చెల్లెలు నిలబడి ఉండటం చూసి మెట్టు మీదే కూలబడ్డాడు.

"నేనేరా," అన్నాడు. "చేతులు తుడుచుకోడానికి."

"గుడ్డతో తుడుచుకోమని సాధించింది నేనే," అన్నాను.

మా పక్క నుంచి ఒక సైకిలు దూసుకుపోయింది. తర్వాత ఇంకోటి, ఆ వెనక గుంపు. ఈలాయన ఊదుతూనే ఉన్నాడు. పిడుగు వాళ్ళ వీపులు మలుపులో మాయమయ్యేదాకా చూసింది. పెద్ద జట్టు ఆశ వాళ్ళతోనే దిగిపోయింది. అది మాకు ముగ్గురికీ తెలుసు.

"చక్రం వెయ్యి అన్నయ్యా."

"వద్దురా. నీకు దణ్ణం పెడతా. ఇంటికి పోదాం."

"మొదలుపెట్టింది మధ్యలో వదలను. వెయ్యి."

"నా చేతులు చూడు, ఎలా వణుకుతున్నాయో. నువ్వే వేసుకో. లేకపోతే ఆ ఈల ఊదే ఆయన్నడుగు."

"నువ్వు వేస్తేనే ఎక్కుతాను. ఇంకెవరు వేసినా ఎక్కను."

ఆయన లేచాడు. ఎప్పుడూ చిటికెలో అయ్యే పనికి ఆ రోజు ఎంతసేపు పట్టిందో. ఒకసారి బిగించి, విప్పి, మళ్ళీ బిగించాడు. సైకిలు ఎత్తి పట్టుకోవడంలో చైనుకి తగిలి వేళ్ళు నల్లబడ్డాయి. పిడుగు తొందరపెట్టలేదు. ఎవరు చక్రం వేసినా ఒకసారి పైకెత్తి తిప్పి, టైరు నొక్కి గాలి చూసుకుని గాని ఎక్కదు, అది దాని అలవాటు. ఆ రోజు నొక్కలేదు, తిప్పలేదు. ఎక్కి కూర్చుని అన్నయ్య తల మీద ఒక్కసారి చెయ్యి వేసి, గుమ్మం దాటి దిగిపోయింది.

మలుపు తిరిగి, ఆ కింది మలుపూ తిరిగి, చిన్న చుక్కై, లోయలో సమంగా ఉన్న రోడ్డు మీద కనబడేదాకా మేము కదల్లేదు. నా నోట "మెల్లగా" అన్న మాట రాలేదు.

ఎర్రగుడ్డ ఇంకా నా చేతిలోనే ఉంది. ఆయన గుడ్డ వైపు చూశాడు, తన నల్లటి చేతుల వైపు చూశాడు. తర్వాత ఆ చేతులు రెండూ ప్యాంటుకి తుడుచుకున్నాడు. నేను ఆ గుడ్డని, తీసేసిన చక్రం స్పోకుకి మళ్ళీ ముడి వేశాను.