మొదటి సగం నాది, రెండో సగం పిచ్చుకది

కాదే అమ్మడూ, పాటతో మొదలుపెట్టకు. ఎప్పుడూ సినిమాయే ముందు. సినిమా, తర్వాత పాట, ఆ తర్వాత సీరియల్. నెలనెలా అదే వరస. నేను చెప్పింది చెప్పినట్టు రాయి. నీ సొంత తెలివి కలిపావంటే మా చెల్లెలు ఇట్టే పట్టేస్తుంది. "ఇది అన్నయ్య మాట కాదు, మనవరాలి మాట" అంటుంది. పోయినసారి అట్లాగే పట్టుకుంది.

ఈ నెల నాకు నచ్చిన సినిమా చెప్పాలంటే... ఆగు. పోయిన నెల సంగతి ముందు చెప్పాలి. కాదు, అంతకంటే ముందుది చెప్పాలి. అది నీకూ సరిగ్గా తెలీదు.

మా చెల్లెల్ని చిన్నప్పుడు అందరూ పిచ్చుక అనేవాళ్లు. ఒక చోట నిలిచేది కాదు, నోరు మూసేది కాదు. ఇప్పుడూ అంతే. మా నాన్న ఇద్దరికీ కలిపి ఒక్క సినిమా టికెట్టే కొనిచ్చేవాడు. నేను పెద్దవాణ్ణి గదా, మొదటి సగం నేను చూసేవాణ్ణి. ఇంటర్వెల్‌లో గేటు దగ్గర బయటికెళ్లేవాళ్లకి ఒక చీటీ ఇస్తారు, మళ్లీ లోపలికి రావడానికి. ఆ చీటీ నేను పిచ్చుక చేతిలో పెట్టేవాణ్ణి. అది లోపలికి పోయేది. నిక్కరేసుకున్నవాడు బయటికెళ్లి గౌనేసుకున్నది లోపలికొస్తే గేటాయన ఒక్కనాడూ అడగలేదు. ఇంటికెళ్లేటప్పుడు దారిలో నా సగం నేను చెప్పేవాణ్ణి, దాని సగం అది చెప్పేది.

అట్లా అలవాటైపోయింది. పెళ్లయి అది వేరే ఊరెళ్లింది. నేను బట్టలు కుట్టుకుంటూ ఇక్కడే ఉన్నాను. అయినా మానలేదు. నెలకొక సినిమా నేను ఏరతాను. ఇంటర్వెల్ దాకా చూస్తాను, లేచి వచ్చేస్తాను. కథ సగం దాకా నీ చేత రాయించి పంపిస్తాను. అది వాళ్లాయన్ని తీసుకుని వెళ్లి మొత్తం చూసి, రెండో సగం నాకు ఫోన్‌లో చెప్తుంది. మీ అమ్మ అంటుంది గదా, "పూర్తి టికెట్టు కొని సగంలో లేచొచ్చే మనిషిని మీ నాన్ననే చూశానండీ" అని మీ నాన్నతో. అననీ. రెండో సగం పిచ్చుకది. దానిది నేనెందుకు చూస్తాను?

రాశావా? ఆఁ.

పోయిన నెల బావకి, అంటే పిచ్చుక మొగుడికి, గుండె ఆపరేషన్ అన్నారు. ఇంక ఆలస్యం చేస్తే నా పూచీ కాదన్నాడు డాక్టరు. బావ సంగతి నీకు తెలుసుగా. నోరు చూస్తే ఊరంత, ధైర్యం చూస్తే ఆవగింజంత. అంతకుముందోసారి ఆస్పత్రిలో చేర్పిస్తే పక్క మంచమాయన మూలిగాడని పారిపోయి వచ్చేశాడు. ఆ ఆస్పత్రి చొక్కా ఉంటుంది చూడు, వీపు వైపు ముడులేసేది, దాంతోటే బస్సెక్కాడు. ముందు నుంచి పెద్దమనిషే. వెనక సీట్లవాళ్లని అడగాలి ఏం చూశారో.

అందుకని పిచ్చుక నాకు మరీ మరీ చెప్పింది. "అన్నయ్యా, ఈసారి నవ్వించేది ఏరు. ఆస్పత్రిలో చేరే ముందు రోజు తీసుకెళ్తాను. మనసు తేలికపడి, మారు మాట్లాడకుండా వస్తాడు" అని.

నేను ఏరాను. మన ఊళ్లో ఆ పెద్ద బిల్డింగు ఉందే, ఒకే కప్పు కింద నాలుగు హాళ్లు, అందులో చూశాను. అట్లాంటిదే వాళ్ల ఊళ్లోనూ ఉంది. సినిమాలో రిటైరైన బస్సు డ్రైవరు, ఆయన పెళ్లాం. ఇంట్లో కూడా ఆయన హారన్ కొట్టినట్టే పిలుస్తాడు. ఆవిడ స్టాపు వస్తే గానీ పలకదు. ఇంటర్వెల్ దాకా కడుపు చెక్కలయ్యేలా నవ్వాను. డ్రైవరు చొక్కా కాలరు ఒకటి వంకరగా ఉంది, అది తప్ప వంక లేదు. "ఈ నెలకి ఇదే, కళ్లు మూసుకుని వెళ్లండి" అని రాయించాను. నువ్వే గదా రాశావు.

ఆపరేషన్‌కి ముందు రోజు మన ఇస్త్రీ బండాయన దగ్గరికి వెళ్లాను. ఆయన సంగతి తెలుసుగా, ఏడిపించే సినిమా అయితే రెండుసార్లు చూస్తాడు.

"ఏం పెద్దాయనా, ఆ బస్సు డ్రైవరు సినిమా చూశావట?"

"చూశాను. భలే నవ్వించాడయ్యా."

"నవ్వించాడా? నీకు గుండె ఉందా అసలు? పాపం ఆ పెద్దాయన ఆపరేషన్‌కి నవ్వుకుంటూ వెళ్తాడు గదా, మళ్లీ బయటికి రాడు గదా! ఆవిడ ఆయన చెప్పులు చేత్తో పట్టుకుని, ఆపరేషన్ గది మీద ఎర్ర బల్బు చూస్తూ అట్లా నిలబడే ఉంటుంది. రెండు కర్చీఫులు తడిపాను నేను."

"ఏం ఆపరేషను?"

"గుండెదే."

అమ్మడూ, ఆయనకిచ్చిన చొక్కాలు ఇచ్చానో, మళ్లీ చంకలో పెట్టుకొచ్చానో నాకు గుర్తు లేదు. పిచ్చుకకి ఫోన్ చేశాను. మోగుతుంది, ఎత్తరు. మళ్లీ చేశాను. అప్పటికే ఆస్పత్రిలో ఉంటారు. అంటే సినిమా చూసేసే ఉంటారు. బావ ఆ ఎర్ర బల్బు, ఆ చెప్పులు అన్నీ చూసి ఉంటాడు. ఇంక ఆపరేషన్ గది గడప తొక్కుతాడా? తొక్కకపోతే? డాక్టరు ఆలస్యమైతే ప్రాణమే పోతుందన్నాడు గదా. నవ్వించేది ఏరమంటే నేను చావు ఏరి పంపాను.

మీ అమ్మ వచ్చి "మామయ్యా, ఆస్పత్రిలో ఫోన్లు తీయరు, అన్నం తినండి" అంది. తినబుద్ధి కాలేదు. వెళ్లి మిషన్ ముందు కూర్చున్నాను. తొక్కుతూనే ఉన్నాను. నువ్వే వచ్చి అడిగావు, "తాతా, సూదిలో దారమే లేదు, ఏం కుడుతున్నావు?" అని. గుర్తుందా?

తెల్లారాక ఫోన్ మోగింది. పిచ్చుకే.

"ఎక్కడున్నాడే బావ?" అన్నాను. హలో కూడా అనలేదు.

"ఎక్కడుంటాడు అన్నయ్యా? ఇప్పుడే లోపలికి తీసుకెళ్లారు."

"వెళ్లాడా? తనంతట తనే?"

"చెయ్యి ఊపుకుంటూ వెళ్లాడు. నర్సుకి సినిమా కథ చెప్తూ మరీ వెళ్లాడు. ఎంత మంచిది ఏరావు అన్నయ్యా!"

నాకు అర్థం కాలేదు. నెమ్మదిగా అడిగాను, "రెండో సగం... ఏమైందే?"

ఇంక పిచ్చుక మొదలుపెట్టింది. "ఇంటర్వెల్ తర్వాత చాలా ఏళ్లు గడిచినట్టు చూపించాడు. డ్రైవరుకి తెల్ల గడ్డం పెరిగింది. బస్సు మానేసి పడవ పట్టాడు. పెళ్లాం కనబడదు, పుట్టింటికి వెళ్లిందేమో అనుకున్నాం. ఆ వయసులో ఆయన ఈత నేర్చుకుంటాడన్నయ్యా! నీళ్లంటే వణికే మనిషి! చివరికి ఏరు మొత్తం అడ్డంగా ఈది అవతలి ఒడ్డుకి చేరతాడు. హాలంతా చప్పట్లు. మీ బావ లేచి నిలబడి కొట్టాడు. బయటికొచ్చి ఏమన్నాడో తెలుసా? 'అంత ముసలాడు ఏరు దాటితే, నేను ఒక బల్ల మీద పడుకోలేనా' అన్నాడు."

పడవేంటి? ఈతేంటి? అడగబోయి ఆగాను. లోపల కోయించుకుంటున్న మనిషి ఆ కథ పట్టుకునే వెళ్లాడు. దాన్ని కదపడం ఎందుకు? ఒక్కటే అడిగాను. "ఇంటర్వెల్‌లో బయటికి వెళ్లారా?"

"వెళ్లాం. మీ బావ ఊరుకుంటాడా, బాత్రూం అన్నాడు. వచ్చేసరికి చీకటి. మా సీట్లలో ఎవరో మొగుడూ పెళ్లాం కూర్చుని ఉన్నారు. చూడు మరి, సిగ్గు లేకుండా! మీ బావ టికెట్టు ముక్క మొహం మీద పెట్టి, సీటు నంబరు చూపించి, గొడవ చేసి లేపేశాడు. గొణుక్కుంటూ వెళ్లారు."

అప్పుడు నాకు నవ్వు వచ్చింది చూడు. వచ్చిన నవ్వుని అట్లాగే బిగపట్టుకున్నాను. పిచ్చుక "ఏంటన్నయ్యా దగ్గుతున్నావు" అంది.

సాయంత్రం మళ్లీ ఫోన్ చేసింది. గొంతు వినగానే తెలిసిపోయింది నాకు. "బయటికి తెచ్చారన్నయ్యా. అంతా బాగా జరిగిందట. కళ్లు తెరిచాడు. తెరవగానే 'నా చెప్పులెక్కడ' అన్నాడు. 'ఏం, మళ్లీ పారిపోతావా' అన్నాను. నవ్వబోయి, అబ్బా అన్నాడు."

ఫోన్ పెట్టేశాక మీ అమ్మని పిలిచి అన్నం పెట్టమన్నాను. పొద్దుటిదీ, ముందు రోజుదీ కలిపి తిన్నాను.

తర్వాత నువ్వే గదా నీ ఫోన్‌లో వెతికి చెప్పావు, వాళ్ల ఊళ్లో ఆ పక్క హాల్లోనే పడవ సినిమా ఆడుతోందని. ఒక తలుపు ఇవతల చావు, ఒక తలుపు అవతల ఈత. తలుపు తప్పడం మా బావకి పుట్టుకతో వచ్చిన విద్య, పెళ్లిచూపులకే పక్కింటికి వెళ్లి కూర్చున్నాడు. ఆ విద్య ఇన్నాళ్లకి పనికొచ్చింది. ఇప్పుడు తలుచుకున్నా నా గుండె మీంచి బియ్యం మూట దించినట్టు ఉంటుంది.

ఇదిగో, ఇప్పుడు రాయి. ఈ నెల సినిమా. డ్రైవరు సినిమా మొదటి సగం, పడవ సినిమా రెండో సగం. ఇంతకంటే మంచి సినిమా నేను చూడలేదు. పడవాయన్ని నేను కళ్లతో చూడలేదనుకో, పిచ్చుక చెప్పింది చాలు.

పాట ఏంటంటావా? ఆ పడవాయన ఈదుతూ పాడుకునేదట, పిచ్చుక ఫోన్‌లో కూనిరాగం తీసింది. దాని గొంతు అద్దం మీద గోరు గీసినట్టుంటుంది. అయినా అదే రాయి. సీరియల్ ఈ నెల ఏదీ లేదు. ఆ అత్తగారు నెల రోజులుగా ఒకే మెట్టు దిగుతోంది, కెమెరా మూడు వైపుల నుంచి చూస్తోంది. దిగాక చెప్తాను.

పిచ్చుకా, నువ్వు ఇప్పుడు నోరు తెరుచుకుని ఉంటావని నాకు తెలుసు. నీ సీట్లలో కూర్చున్నవాళ్లది తప్పు కాదే, తల్లీ. వాళ్ల హాలు అది. వాళ్లెవరో, ఎక్కడ నిలబడి చూశారో, వాళ్లు చల్లగా ఉండాలి.

అమ్మడూ, చివర ఇది పెద్ద అక్షరాల్లో రాయి. కుట్లు పూర్తిగా ఆరాక, డాక్టరు సరేనన్నాక, బావని కుర్చీలో ఆనించి కూర్చోబెట్టి, ఇదంతా మొదటి నుంచి నిదానంగా చదివి వినిపించు. నవ్వొచ్చినప్పుడు దిండు గుండెకి అదిమి పట్టుకోమను.